నీకంటే టేపు నయం

మా ఆయన్ని అందరూ కిటికీల మేస్త్రి అంటారు. ఇంజను జోలికి పోడు. బ్రేకుల సంగతి అడిగితే పక్క వీధి చూపిస్తాడు. కారు తలుపులు, తాళాలు, పైకీ కిందకీ దిగే అద్దాలు, అంతే ఆయన లోకం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆ ఇరవై రెండేళ్ళూ పక్కన నిలబడి అద్దం పట్టుకున్న మనిషిని నేను.

అద్దం పట్టుకోవడమంటే ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే నా గొడవ మీకు అర్థం కాదు. కారు తలుపు లోపల అద్దాన్ని మోసే ఇనుప చట్రం ఒకటుంటుంది. దాన్ని రెగ్యులేటరు అంటారు. దానికొక చిన్న మోటారు తగిలించి ఉంటుంది. మీట నొక్కితే మోటారు తిరిగి సన్నటి ఉక్కు తీగని లాగుతుంది, అద్దం లేస్తుంది. ఆ తీగ తెగిందంటే అద్దం దబ్బున తలుపు కడుపులోకి జారిపోతుంది. బాగుచేయాలంటే అద్దాన్ని పైకెత్తి, చట్రం నుంచి విడదీసి, పాతవి బయటికి లాగి, కొత్తవి పెట్టి, అద్దాన్ని మళ్ళీ వాటికి బిగించాలి. ఈ తతంగం అయ్యేదాకా అద్దం గాల్లో నిలబడాలి కదా. మిగతా షెడ్లలో నాలుగు టేపు ముక్కలతో దాన్ని తలుపు అంచుకి అంటించి, చేతులు దులుపుకుంటారు. మా షెడ్లో టేపు అన్నది కనపడదు. మా షెడ్లో టేపుని నేనే.

మొదట్లో ఇలా ఉండేది కాదు. టేపు ఉండేది, నేనూ ఉండేదాన్ని. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు పట్టుకునేవాళ్ళం.

ఆయనకి ఇంకో అలవాటు ఉంది. తలుపు లోపలి అట్ట విప్పగానే రేకుకి అంటించిన నల్లటి ప్లాస్టిక్ కాగితం ఒకటి కనిపిస్తుంది, వాన నీళ్ళు లోపలికి రాకుండా. పని అయ్యాక ఆ కాగితం మళ్ళీ అంటించే ముందు, వెనక రేకు మీద తెల్ల పెయింటు పెన్నుతో మూడు వరుసలు రాస్తాడు. మొదటి వరుస తేదీ. రెండోది ఏం మార్చాడో. మూడోది, అద్దం ఎవరు పట్టుకున్నారో. కారు యజమానికి ఆ రాత ఏనాటికీ కనిపించదు. మళ్ళీ ఎప్పుడైనా ఆ తలుపు విప్పే మేస్త్రికి తప్ప దానితో ఎవరికీ పని లేదు. అయినా రాస్తాడు. "చేసినవాడు చేశానని చెప్పుకోవాలి" అంటాడు. ఈ ఊళ్ళో సగం కార్ల తలుపుల్లో "అద్దం పట్టుకుంది: మా ఆవిడ" అని ఉంటుంది. పెళ్ళి శుభలేఖ మీద తప్ప నా గురించి ఆయన రాసిందేమైనా ఉంటే అదే. పెద్ద పేరే సంపాదించుకున్నానని, కాకపోతే చదవాలంటే స్క్రూడ్రైవర్ కావాలని మా అక్కతో అంటుంటాను.

మనిషి మంచివాడే. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, మంచి మాటా అనడు. నోట్లో ముత్యాలున్నట్టు పెదవి విప్పడు. నాకు ముక్కు మీద కోపం. అలాంటివాడితో ఇలాంటిది ఎలా వేగిందని అందరూ ఆశ్చర్యపోతారు. వేగలేదు. ఒకసారి వదిలేసి వెళ్ళాను.

పద్నాలుగేళ్ళ కిందటి సంగతి. ఒక పెద్ద కారు ముందు తలుపు పని. అద్దం నల్లబల్లంత ఉంది. ఆయన చేతిలోంచి ఒక బోల్టు జారి ఎక్కడో పడింది. దాన్ని వెతుకుతూ నేలంతా తడుముతున్నాడు. ముప్పావుగంట నిలబడ్డాను. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. చివరికి చేతులు తిమ్మిరెక్కి, చెమట పట్టి, అద్దం జారింది. భళ్ళున పగిలింది. నలుగురు ఖాతాదార్లు అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నారు. జీవితంలో పల్లెత్తు మాట అనని మనిషి ఆ నలుగురి ముందూ అన్నాడు, "నీకంటే టేపు నయం" అని.

నేను గాజుముక్కలు ఊడ్చాను, చేతులు కడుక్కున్నాను, ఇంటికెళ్ళి పెట్టె సర్దుకున్నాను. బడికి సెలవులు, మా అమ్మాయి వెంట వచ్చింది. బస్సెక్కి మా అక్క ఇంటికెళ్ళిపోయాను.

వస్తాడనుకున్నాను. మొదటి మూడు రోజులూ వీధి గుమ్మంలోనే కూర్చున్నాను. వారం గడిచింది. పోనీ ఫోనైనా చేస్తాడనుకున్నాను. బావ మంచం మీద కూర్చుని పేపరు చదువుకుంటూ, "మీ ఆయనకి మా ఇల్లు తెలుసా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. వేళాకోళానికే అన్నాడు, కానీ గుచ్చుకుంది. పద్ధెనిమిదో రోజున నేనే తిరిగొచ్చాను. బడి తెరుస్తున్నారని చెప్పాను. అది నిజమే, కానీ అసలు కారణం అది కాదు. ఆయన తిన్నాడో లేదో అన్న దిగులు. షెడ్డు దగ్గర రిక్షా దిగేసరికి ఒక తలుపు ముందు కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూశాడు. "అద్దం పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. అంతే. క్షమించమనలేదు, ఎలా ఉన్నావనలేదు, ఎందుకొచ్చావనీ అనలేదు. ఆ మర్నాటి నుంచి షెడ్లో టేపు చుట్టలు కనపడలేదు. అయిపోయి ఉంటాయనుకున్నాను. పద్నాలుగేళ్ళుగా నా కడుపులో ఒకటే ప్రశ్న. ఆ పద్ధెనిమిది రోజులూ నేను లేనని ఈ మనిషికి అసలు తెలిసిందా? అడగడానికి రోషం అడ్డొచ్చింది. ఆయనంతట ఆయన చెబుతాడేమోనని చూశాను. గోడతో అయినా మాట్లాడించవచ్చు, ఈయనతో మాట్లాడించలేం.

ఇప్పుడు ఈ మధ్య సంగతికి వస్తాను. నెల కిందట వంటింట్లో ట్యూబులైటు కొట్టుకుంటోంది. ఎలక్ట్రీషియన్ రేపు వస్తానన్నాడు, ఆగండి అన్నాను. నా మాట చెవిన పెడితే ఆయన మా ఆయన ఎందుకవుతాడు? కుంటి స్టూలు ఎక్కాడు. కుడి మణికట్టు విరిగింది. ఆరువారాలు పిండికట్టు. షెడ్డు మూసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. తాళాలు, తలుపు పిడులు లాంటి చిన్న పనులు నేనే చేస్తానన్నాను. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెయ్యెత్తి చూపించలేడు కాబట్టి గడ్డంతో చూపించేవాడు. గడ్డం ఎడమకి తిప్పితే ఎడమకి తిప్పాలన్నమాట. మూడు వారాల్లో ఆ గడ్డం భాష నాకు బాగా వంటపట్టింది.

అంతలో నర్సమ్మ నీలం కారు వచ్చింది. ఆవిడ మాకు పాత ఖాతాదారు. ఆసుపత్రి డ్యూటీ, ఇల్లు, అంతకుమించి ఎక్కడికీ పోదు. కారు మాత్రం ఆవిడ కంటే ఎక్కువ అరిగిపోయింది. ఎడమ పక్క వెనక తలుపు అద్దం లోపలికి పడిపోయింది. మబ్బులు కమ్ముకున్నాయి, సాయంత్రం నాలుగింటికి డ్యూటీకి వెళ్ళాలి, సీటు తడిస్తే తనకి చెడ్డ చిరాకని చెప్పింది. నేను మీట నొక్కి తలుపుకి చెవి ఆనించాను. మోటారు గుర్రుమని ఒకసారి మూలిగి ఆగిపోయింది. లోపల తీగ ఎక్కడో గలగలమంది. రెండూ పోయాయి, మార్చాల్సిందే.

ఆ తలుపుదొక చరిత్ర ఉంది. ఏళ్ళ తరబడి నర్సమ్మ వచ్చినప్పుడల్లా ఒకటే ఫిర్యాదు. గతుకుల్లో ఆ తలుపులో ఏదో టకటకమంటోందని. నిద్రలో దోమ చప్పుడు కూడా సహించని మా ఆయన, తలుపులో చప్పుడంటే తన పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టే మనిషి, ఆ ఒక్క తలుపు సంగతి వచ్చేసరికి మాత్రం "ఏం ఫరవాలేదమ్మా, పాత కారు కదా" అనేవాడు. నాకు విడ్డూరంగానే ఉండేది. కానీ ఆయన విడ్డూరాలు ఒకటా రెండా, లెక్కపెట్టుకుంటూ కూర్చోవడానికి.

ఆ రోజు నర్సమ్మ తాళంచెవి నా చేతికివ్వబోతుంటే ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఇది వేరే చోటికి తీసుకెళ్ళండమ్మా. మన దగ్గర సామాను లేదు" అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో ఆయన తలుపు పనికి వచ్చిన కారుని వెనక్కి పంపడం నేను చూడలేదు. అబద్ధమాడటం అంతకంటే చూడలేదు. అలమరా సర్దేది నేను. ఆ కారుకి సరిపడే ఎడమ వెనక రెగ్యులేటరు, మోటారుతో సహా, రెండో అరలో అట్టపెట్టెలో ఉంది. లోపలికెళ్ళి పెట్టె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. పెట్టె వంక చూశాడు, నా వంక చూశాడు, నీళ్ళు నమిలాడు. వెనక తలుపు చాలా ఇరుకని, నాకు అలవాటు లేదని, అద్దం పగిలితే లేనిపోని తలనొప్పని ఏవేవో అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. పగులుతుందట. పద్నాలుగేళ్ళయినా ఆ పగిలిన అద్దాన్ని మర్చిపోలేదన్నమాట. నాకంటే టేపు నయమన్న మాట ఇప్పటికీ ఆయన మనసులో అలాగే ఉందన్నమాట. నర్సమ్మ ముందు గొంతు పెంచకూడదని తాళంచెవి తీసుకుని, నాలుగింటికి రమ్మని ఆవిడని పంపించేశాను. వీధి మలుపు దాటేదాకా ఆగాను.

"నా చేతుల మీద నమ్మకం లేదని చెప్పండి. సామాను లేదని చెప్పకండి" అన్నాను.

"అది కాదు" అన్నాడు.

"ఏది కాదు?"

కుర్చీ లాక్కుని తలుపు దగ్గర కూర్చోబోయాడు. కూర్చోవద్దన్నాను. రేకులో పని నాదని, ఈసారి అద్దం పట్టుకోవడం ఆయన వంతని చెప్పాను. ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా.

పీట వేసుకుని మొదలుపెట్టాను. పిడి వెనక రెండు స్క్రూలు, గొళ్ళెం చుట్టూ ఉండే గిన్నెలో ఒకటి. అట్ట అంచులో వెడల్పాటి పుల్ల దూర్చి క్లిప్పులు ఒక్కొక్కటే ఊడబెరికాను. ఒకటి విరిగింది, ఆయన మూలిగాడు, నేను వినిపించుకోలేదు. మీట వైరు విడదీసి అట్ట పక్కన పెట్టాను. నల్ల కాగితం పై సగం ఒలిచి, సందులో చేతులు దూర్చి, అరచేతుల మధ్య అద్దాన్ని నొక్కిపట్టి మెల్లగా పైకి లేపాను. పై అంచు నాలుగువేళ్ళ సందు మిగిలేదాకా లేపి పట్టుకోమన్నాను. తలుపుకి అవతల నిలబడి, ఆ సందులోంచి ఎడమచేతి వేళ్ళు దూర్చి పట్టుకున్నాడు. అద్దానికి ఇవతల నేను, అవతల ఆయన. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి చోట్లు మారాం.

చట్రం నుంచి అద్దాన్ని విడదీశాను. పై బోల్టులు రెండు వచ్చాయి. కింది బోల్టులు కాగితం చాటున ఉన్నాయి. మిగతా సగం ఒలవబోయాను.

"కింద ఒలవకు. చెయ్యి దూర్చి విప్పొచ్చు" అన్నాడు.

చెయ్యి దూర్చి చూశాను. రేకు అంచు గీసుకుని చర్మం లేచింది తప్ప బోల్టు అందలేదు. ఆయనకి తెలియకపోవడమేమిటి, అది అందదని? కాగితం అంచు పట్టుకుని జర్రున లాగేశాను.

రేకు మీద తెల్ల అక్షరాలు. మా ఆయన చేతిరాతే. ఈ తలుపు ఎప్పుడు విప్పాడో నాకు గుర్తులేదు. తేదీ చదివాను. మళ్ళీ చదివాను. ఆ నెల, ఆ సంవత్సరం నేను మర్చిపోయేవి కావు. నేను మా అక్క ఇంట్లో ఉన్న రోజులవి.

మోటారు, రెగ్యులేటరు మార్చాను అని ఉంది. మూడో వరుసలో, "అద్దం పట్టుకుంది: టేపు. రెండుసార్లు జారింది. ఒక బోల్టు లోపల పడింది, దొరకలేదు."

మూడు వరుసలతో ఆగే మనిషి ఆ రోజు ఆగలేదు. కింద, రేకు వంపు తిరిగే చోట, చిన్న చిన్న అక్షరాలతో ఇంకొంచెం ఉంది.

"ఆవిడ వెళ్ళి పదకొండు రోజులు. వెళ్ళి పిలవాలి. ఏమని పిలవాలి?"

చదివాను. వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండే. నేను అక్క వాళ్ళ గుమ్మంలో కూర్చోవడం మానేసి, ఇంక రాడులే అని మనసు రాయి చేసుకున్న వారం అది. ఇక్కడ ఈయన టేపుతో కుస్తీ పడుతూ, ఎవరూ చదవని చోట, ఒక కారు తలుపుని సలహా అడుగుతున్నాడు.

తలెత్తి చూశాను. అద్దం అవతల ఆయన మొహం. నా వైపు చూడటం లేదు, రోడ్డు మీద ఏదో మహా వింత జరుగుతున్నట్టు అటే చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇంకోసారైతే ఏదో పని ఉన్నట్టు లోపలికెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఎక్కడికి పోతాడు? వేళ్ళు వదిలితే అద్దం పడిపోతుంది. మా ఆయన జన్మలో అద్దాన్ని వదలడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికేముంది, ఏడ్చాను. పద్నాలుగేళ్ళ రోషం అలా ముక్కు వెంటా కళ్ళ వెంటా కారిపోతుంటే, గ్రీజు చేతులతో తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఇందుకా ఈ తలుపు విప్పనివ్వంది. ఆ టకటక ఇన్నేళ్ళు భరించింది ఇందుకా. నేను చదువుతానని సిగ్గు. నా చేతుల మీద నమ్మకం లేక కాదు.

"ఏమని పిలుద్దామనుకున్నారు?" అన్నాను.

"చెయ్యి లాగుతోంది. తొందరగా కానీ" అన్నాడు.

"లాగనివ్వండి. నేను ముప్పావుగంట నిలబడ్డాను. అడిగినదానికి చెప్పండి."

గొంతు సవరించుకున్నాడు. చివరికి రోడ్డుతోనే చెబుతున్నట్టు చెప్పాడు.

"అద్దం పట్టుకోవడానికి మనిషి లేదు, రా అందామనుకున్నా. అందుకోసమే పిలిచానని నువ్వనుకుంటే? అది కాదు. ఇంట్లోనూ ఏమీ తోచలేదు. అది ఎలా చెప్పాలో తెలియలేదు. ఇవాళా తెలియట్లేదు."

"ఇదే అని ఉంటే ఆ పూటే వచ్చేసేదాన్ని" అన్నాను.

"తెలియలేదు" అన్నాడు మళ్ళీ.

ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న సంగతి తెలియలేదట. ఎంత కోపం వచ్చిందో అంత జాలీ వేసింది. ఈ నోరులేని మనిషిని నేను ఎంతలా ప్రేమిస్తున్నానో ఆ పీట మీద కూర్చుని నాకే కొత్తగా తెలిసింది. ఆ మాట ఆయనతో అనలేదు. ఆయన ఒక్కడిదేనా ఆ జబ్బు.

కింది బోల్టులు విప్పాను. పాత చట్రాన్ని వంచి, తిప్పి, సందులోంచి బయటికి లాగాను. తలుపు అడుగున చెయ్యి పెట్టి తడిమితే దుమ్ము, ఒక తలపిన్ను, తుప్పు పట్టిన బోల్టు ఒకటి చేతికి తగిలాయి. బోల్టు తీసి అద్దం ముందు పెట్టి చూపించాను. టకటక ఇదే. ఆయన తల పంకించి, ఇన్నాళ్ళకి దొరికిందన్నాడు.

కొత్త రెగ్యులేటరుకి గ్రీజు రాసి లోపలికి దూర్చాను. గడ్డం ఎడమకి తిరిగింది, నేను ఎడమకి తిప్పాను. వైరు తగిలించి, మీట కొద్దికొద్దిగా నొక్కుతూ చట్రాన్ని పైకి తెచ్చి, అద్దం అడుగంచు దాని దవడల్లో కూర్చోబెట్టాను. బోల్టులు బిగించాను. అన్నీ ఉన్నాయో లేదో రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

ఆయన జేబులోంచి తెల్ల పెన్ను తీయమన్నాను. తీయడానికి ఖాళీ చెయ్యి లేదు కాబట్టి నేనే లేచి వెళ్ళి తీసుకున్నాను. ఆయన రాత తుడవలేదు. దాని పక్కనే నావి మూడు వరుసలు రాశాను. తేదీ. మోటారు, రెగ్యులేటరు మార్చింది: నేను. అద్దం పట్టుకుంది: మా ఆయన. కాసేపు ఆలోచించి, ఆ కింది ప్రశ్న పక్కన "రా అంటే చాలు" అని రాసి, నల్ల కాగితం మీదికి లాగి అంటించేశాను.

ఏం రాశావని అడిగాడు. చదవాలంటే స్క్రూడ్రైవర్ కావాలన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వి, బోల్టులు బిగిశాయి కదా, ఇంక చెయ్యి తియ్యనా అన్నాడు. నర్సమ్మ రావడానికి ఇంకా గంట టైముంది.

"ఇంకొంచెంసేపు పట్టుకోండి" అన్నాను.

అద్దం ఇంక పడదని ఆయనకి నాకంటే బాగా తెలుసు. అయినా పట్టుకున్నాడు.